సెకండ్‌హ్యాండ్ జీఎల్‌ఎస్ 350డీ, ఎంఎల్ 350 సీడీఐ: ఓఎం 642 డీజిల్ ఇంజిన్‌లో ఏమేం చూసుకోవాలి?

మణికొండ_వీల్స్:

2016-18 మోడల్ మెర్సిడెస్ జీఎల్‌ఎస్ 350డీ గానీ, 2013-15 మెర్సిడెస్ ఎంఎల్ 350 సీడీఐ గానీ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుందామని చూస్తున్నాను. రెండింటిలోనూ ఉన్నది ఒకే 3.0 లీటర్ల వీ6 డీజిల్ అని విన్నాను. గేర్‌బాక్స్, ఎయిర్ సస్పెన్షన్ సంగతి వేరే థ్రెడ్‌లో చదివాను, ఇక్కడ ఇంజిన్ వరకే అడుగుతున్నా.

తెలుసుకోవాల్సినవి: అసలు స్పెసిఫికేషన్లు ఏమిటి, మామూలుగా ఏమేం పోతాయి, ఎందుకు పోతాయి, అడ్వాన్స్ ఇచ్చేముందు ఏం పరీక్ష చేయించాలి. ఇంకోటి, ఈ ఇంజిన్లకు గేర్‌బాక్స్ కలిసేచోట నూనె చెమ్మ కనిపిస్తే కొందరు రియర్ మెయిన్ సీల్ (క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఉండే సీల్) అంటారు, కొందరు ఆయిల్ కూలర్ సీల్ అంటారు. ఏది నమ్మాలి? రోజువారీ వాడకం ఊళ్లోనే, నెలకోసారి విజయవాడ హైవే.

డీజిల్‌బాబాయ్:

ముందు ఇంజిన్ నంబరు చూడండి. 642తో మొదలైతే మీరనుకుంటున్న వీ6. 651తో మొదలైతే అది ఎంఎల్ 250 సీడీఐలో వచ్చిన 2143 సీసీ నాలుగు సిలిండర్లది, దాని రోగాలు వేరు. బ్యాడ్జి మార్చి అమ్మేవాళ్లున్నారు కాబట్టి డిక్కీ మీద అంకె చూసి సరిపెట్టుకోవద్దు.

ఓఎం 642 మొదట 2005లో వచ్చింది. 2987 సీసీ, బోర్ 83 మి.మీ., స్ట్రోక్ 92 మి.మీ., రెండు బ్యాంకుల (సిలిండర్ వరసల) మధ్య కోణం 72 డిగ్రీలు. అల్యూమినియం బ్లాకు, లోపల పోత ఇనుము లైనర్లు. ఆ కోణంలో వీ6 తనంతట తాను నున్నగా తిరగదు, అందుకే బ్యాలెన్స్ షాఫ్ట్ పెట్టారు. 24 వాల్వులు, ఒక్కో బ్యాంకుకు రెండు క్యామ్‌షాఫ్టులు, టైమింగ్ చెయిన్‌తో నడుస్తాయి. బెల్టు లేదు కాబట్టి లక్ష కిలోమీటర్లకోసారి బెల్టు మార్చే ఖర్చు లేదు. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే ఒకే గొట్టం), పియెజో ఇంజెక్టర్లు, వేరియబుల్ జామెట్రీ టర్బో ఒక్కటే. మొదటి ఎంఎల్ 320 సీడీఐలో 224 హెచ్‌పీ, 510 ఎన్ఎమ్ ఉండేది. మీరు చూస్తున్న బండ్లలో 258 హెచ్‌పీ, 620 ఎన్ఎమ్. ఆ 620 కూడా 1600 నుంచి 2400 ఆర్‌పీఎం మధ్యే అందుతుంది, అందుకే సుమారు రెండున్నర టన్నుల జీఎల్‌ఎస్ కూడా బద్ధకంగా అనిపించదు.

ఇక నూనె సంగతి. ఈ ఇంజిన్ గురించి ఒక్కటే గుర్తు పెట్టుకోవాలంటే ఇది గుర్తు పెట్టుకోండి: ఆయిల్ కూలర్‌ను రెండు బ్యాంకుల నడుమ, వీ గుంత అడుగున పెట్టారు. దాని పైన ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం), వెనక వైపు టర్బో. కూలర్ కింద రెండు రబ్బరు సీళ్లుంటాయి. మొదట్లో వచ్చినవి నారింజ రంగువి. టర్బో వేడికి ఏళ్ల తరబడి ఉడికి గట్టిపడి, పలచబడి, నూనె వదిలేస్తాయి. తర్వాత కంపెనీయే ఊదారంగు విటాన్ సీళ్లు తెచ్చింది, అవి బాగా నిలబడతాయి.

కారిన నూనె ముందు గుంతలో నిలుస్తుంది. గుంత వెనక చివర నీళ్లు పోయే రంధ్రం ఉంది, నూనె దాంట్లోంచే దిగి బెల్‌హౌసింగ్ (ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోటి గుల్ల) మీదుగా కారుతుంది. కింద నుంచి చూసేవాడికి అచ్చంగా రియర్ మెయిన్ సీల్ కారినట్టే కనిపిస్తుంది. గేర్‌బాక్స్ దించి, కొత్త సీల్ వేసి, మళ్లీ ఎక్కించాక కూడా కారుతూనే ఉంటుంది. ఈ తప్పు నిర్ధారణకు ఎన్ని గేర్‌బాక్స్‌లు దిగాయో లెక్కలేదు.

తేల్చుకునే పద్ధతి సులువే. ముందు కారేది ఇంజిన్ ఆయిలో కాదో చూడండి. డీజిల్ ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటుంది, గేర్‌బాక్స్ ఆయిల్ ఎర్రగానో నీలంగానో ఉంటుంది. ఏడు గేర్ల 7జీ గేర్‌బాక్స్‌కు వైర్ల ప్లగ్ దగ్గర కూడా కారే అలవాటుంది, దాన్నీ దీన్నీ కలిపేయొద్దు. నల్లదే అయితే ఇంజిన్ కవర్ తీసి, టర్బో వెనక సందులోంచి బోర్‌స్కోప్ కెమెరా దింపి గుంత అడుగు చూడండి. అక్కడ నూనె మడుగు ఉంటే కథ పైనే ఉంది. గుంత పొడిగా ఉండి కింద మాత్రమే తడి ఉంటే అప్పుడు మెయిన్ సీల్ మాట. ఇంకా అనుమానమైతే ఇంజిన్ ఆయిల్‌లో యూవీ డై కలిపి, యాభై వంద కిలోమీటర్లు తిప్పి, యూవీ లైటు వేసి చూస్తే జాడ పైనుంచి కిందికి స్పష్టంగా తెలుస్తుంది.

టార్క్‌రెంచ్_బెజవాడ:

బాబాయ్ గారు చెప్పినదానికి కొనసాగింపు. సీళ్ల ఖరీదు మొత్తం బిల్లులో లెక్కలోకి రాదు, డబ్బంతా లేబర్‌దే. టర్బో, రెండు వైపుల ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే) గొట్టాలు, ఫ్యూయల్ లైన్లు అన్నీ తీస్తే గానీ కూలర్ కనపడదు. చేయి తిరిగిన మెకానిక్‌కే 12 నుంచి 15 గంటల పని. కాబట్టి గుంత ఒకసారి తెరిచారంటే అక్కడున్న పాత సరుకంతా ఒకే దెబ్బతో మార్చేయాలి: ఇన్‌టేక్ గ్యాస్కెట్లు, టర్బో ఆయిల్ డ్రెయిన్ సీల్, టర్బో ఇన్‌లెట్ సీల్, బ్రీదర్ సీల్, పరిస్థితిని బట్టి గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజిన్‌లో సిలిండర్‌ను వేడిచేసేవి), స్వర్ల్ మోటార్ (దాని సంగతి కింద చెప్తా).

పని చేసేటప్పుడు చెడగొట్టే చోట్లు ఇవీ. కూలెంట్ పూర్తిగా దించకుండా కూలర్ లేపితే అది గుంతలోకి వస్తుంది. మానిఫోల్డ్ తీయగానే ఇన్‌టేక్ పోర్టులకు టేపు వేయకపోతే నట్టో వాషరో సిలిండర్‌లోకి జారుతుంది, ఆ తర్వాత హెడ్ దించడమే. అల్యూమినియం ముఖం మీద పాత జిడ్డు తీయడానికి ఉలి, స్క్రూడ్రైవర్ వాడకూడదు, గీత పడితే కొత్త సీల్ కూడా కారుతుంది. ప్లాస్టిక్ స్క్రేపర్, బ్రేక్ క్లీనర్ చాలు. టర్బో ఎక్కించేముందు ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన నూనె పోసి షాఫ్ట్ చేత్తో తిప్పాలి. మొదటిసారి స్టార్ట్ చేశాక ఓ రెండు నిమిషాలు ఐడిల్‌లోనే వదలండి, రేజ్ చేయొద్దు.

ఇక రెండో ప్రసిద్ధ రోగం స్వర్ల్ మోటార్. ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపల గాలికి సుడి పుట్టించే రెక్కలుంటాయి. తక్కువ ఆర్‌పీఎంలో ఒక పోర్టు మూసి గాలిని మెలితిప్పి పంపిస్తాయి. వాటిని నడిపే మోటార్ సరిగ్గా టర్బో ఇన్‌లెట్ గొట్టం కింద ఉంది. క్రాంక్‌కేస్ బ్రీదర్ నుంచి వచ్చే నూనె ఆవిరి ఆ గొట్టంలోకే పోతుంది. అక్కడి సీల్ గట్టిపడితే నూనె బొట్టుబొట్టుగా మోటార్ మీద పడి, లోపలికి దిగి, షార్ట్ చేస్తుంది. ఫ్యూజు పోతుంది. ఆ ఫ్యూజు మీదే మరికొన్ని సెన్సర్లు ఉంటాయి కాబట్టి స్కానర్‌లో ఒకదానితో ఒకటి పొంతన లేని కోడ్లు గుత్తిగా వస్తాయి, బండి లింప్ మోడ్‌లోకి (శక్తి తగ్గించి నడిచే స్థితిలోకి) పోతుంది. ఎంఏఎఫ్ (లోపలికి వచ్చే గాలిని కొలిచే) సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్ అంటూ ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయేవాళ్లకు బిల్లు పెరుగుతుంది గానీ జబ్బు తగ్గదు. కోడ్లు గుంపుగా వస్తే మొదట ఫ్యూజు చూడండి, తర్వాత స్వర్ల్ మోటార్ ప్లగ్ పీకి అందులో నూనె ఉందేమో చూడండి.

మోటార్ ఒక్కటే మార్చి ఇన్‌లెట్ సీల్ మార్చకపోతే కొత్త మోటార్ కూడా అదే దారి పడుతుంది. రెక్కలను కలిపే ప్లాస్టిక్ లింకులు కూడా మసి పేరుకుని బిగుసుకుపోయి విరుగుతాయి. చేత్తో కదిపి చూస్తే తెలుస్తుంది.

మణికొండ_వీల్స్:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. స్వర్ల్ మోటార్ బదులు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే సరిపోతుందని యూట్యూబ్‌లో చాలామంది చూపిస్తున్నారు. అది చేసిన బండి కొనొచ్చా? ఇంజెక్టర్లు, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) గురించి కూడా చెప్పండి.

టార్క్‌రెంచ్_బెజవాడ:

రెసిస్టర్ పెడితే ఈసీయూకు (ఇంజిన్ కంప్యూటర్‌కు) మోటార్ బాగానే ఉందన్న అబద్ధం అందుతుంది, అంతే. రెక్కలు ఎక్కడ ఆగితే అక్కడే ఉంటాయి. పూర్తిగా తెరిచిన స్థితిలో ఆగితే బండి నడుస్తుంది, కింది ఆర్‌పీఎంలో పొగ కాస్త ఎక్కువ. సగం మూసుకుని ఆగితే పైన ఊపిరాడదు. అన్నిటికన్నా ముఖ్యం, పైనుంచి నూనె కారడం ఆగలేదన్నమాట. రెసిస్టర్ కనిపించిందంటే గుంత పని ఎవరూ చేయలేదని అర్థం. బండిని వదిలేయనక్కర్లేదు, ఆ పని మొత్తం ధరలోంచి తగ్గించి మాట్లాడండి.

ఇంజెక్టర్లు: కింద రాగి వాషర్ ఉంటుంది. అది పట్టు వదిలితే దహన వాయువు పైకి తన్నుకొచ్చి ఇంజెక్టర్ చుట్టూ తారు లాంటి నల్ల గడ్డ కడుతుంది. మొదట్లో చుఫ్ చుఫ్ అని చప్పుడు, క్యాబిన్‌లో డీజిల్ పొగ వాసన. అప్పుడే పట్టుకుంటే వాషరు, కొత్త బోల్టుతో పోతుంది. ముదిరితే ఇంజెక్టర్ హెడ్‌లో అతుక్కుపోతుంది, దాన్ని లాగడానికి హైడ్రాలిక్ పుల్లర్ కావాలి. ఇంజెక్టర్‌ను పట్టి ఉంచే బోల్టు బిగించినప్పుడు సాగుతుంది, ఒక్కసారికే పనికొస్తుంది, పాతదాన్ని మళ్లీ వాడితే హెడ్‌లో మరలు పోతాయి. వాషర్ కూర్చునే చోటును ప్రత్యేకమైన కట్టర్ బ్రష్‌తో శుభ్రం చేయకుండా కొత్తది వేస్తే మూన్నెళ్లు నిలవదు. కొత్త ఇంజెక్టర్ వేస్తే దాని మీదున్న కోడ్‌ను ఈసీయూలో ఎక్కించాలి. ఇంకో జాగ్రత్త: ఇంజిన్ నడుస్తుండగా పియెజో ఇంజెక్టర్ ప్లగ్ పీకి ఏ సిలిండర్ ఆడట్లేదో చూసే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. వోల్టేజీ వంద దాటుతుంది, మనిషికీ డ్రైవర్ సర్క్యూట్‌కీ ప్రమాదమే.

గ్లో ప్లగ్గులు మన వేడిలో పాడైనా బండి స్టార్ట్ అవుతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ డీపీఎఫ్ శుద్ధి జరిగేటప్పుడు కూడా అవి అవసరపడతాయి. పీ0671 నుంచి పీ0676 దాకా వచ్చే కోడ్లు ఒక్కో సిలిండర్‌వి. పీ0670 వస్తే కంట్రోల్ మాడ్యూల్ వైపు చూడాలి. తీసేటప్పుడు ఇంజిన్ వేడిగా ఉండాలి, చల్లటి ఇంజిన్ మీద బలవంతం చేస్తే సగంలో విరుగుతాయి.

డాలస్_డీజిల్:

ఈ ఇంజిన్ అమెరికాలో స్ప్రింటర్ వ్యాన్లకూ వచ్చింది, పాత జీప్ గ్రాండ్ చెరోకీ 3.0 సీఆర్‌డీలో కూడా ఇదే. కాబట్టి స్ప్రింటర్ నడిపేవాళ్లు రాసిన రిపేరు సమాచారం మీకూ పనికొస్తుంది. 2011 తర్వాతి గ్రాండ్ చెరోకీది మాత్రం ఇటలీలో తయారైన వీఎం మోటోరి ఇంజిన్, దాని భాగాలు దీనికి సరిపోవు.

మొదటి ఏళ్ల ఇంజిన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లోపల వెల్డింగ్ ముక్కలు ఊడి టర్బో రెక్కలను తినేసే సమస్య ఉండేది. మీరు చూస్తున్న మోడళ్లలో టర్బో పోవడానికి ఎక్కువ కారణాలు వేరు: యాక్చుయేటర్ (టర్బో రెక్కల కోణం మార్చేది) పట్టేయడం, ఇంటర్‌కూలర్ గొట్టం చిట్లడం. పీ0299 అంటే బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) తక్కువ. ఆ కోడ్ చూసి వెంటనే టర్బో మార్చమనేవాళ్ల మాట వినకండి. ముందు గొట్టాల్లోకి పొగ పంపి లీకు పరీక్ష చేయించండి. గొట్టం అతుకు దగ్గర నూనె మరక ఉంటే చాలావరకు అక్కడే గాలి పోతోంది. తర్వాత యాక్చుయేటర్ పూర్తిగా కదులుతోందో లేదో స్కానర్‌తో ఆడించి చూడాలి. టర్బో చివరిది.

యాడ్‌బ్లూ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ద్రవం) ట్యాంకు ఉన్న బండి అయితే ఆ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్లు, ట్యాంకు హీటర్ అదనపు ఖర్చులు. ఇంధనం మూత పక్కన నీలం మూత ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

డీజిల్‌బాబాయ్:

డీపీఎఫ్ విషయంలో మీ వాడకమే అసలు సమస్య. ఊళ్లో అయిదారు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండిలో ఫిల్టర్ తనను తాను కాల్చుకోవడానికి వీలుండదు. దానికి లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. మధ్యలో ఆపేస్తే కాల్చడానికి అదనంగా చల్లిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ లెవల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే ఇదే కారణం. పలచబడ్డ ఆయిల్ బేరింగులకూ చెయిన్‌కూ శత్రువు. నెలకోసారి విజయవాడ చాలదు, వారానికోసారైనా ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద అరగంట 80-100లో, ఆర్‌పీఎం 2000 దగ్గర ఉంచి నడపండి.

దీనికి ముడిపడి ఎవరూ చూడనిది థర్మోస్టాట్. అది తెరిచిన స్థితిలో పట్టేస్తే ఇంజిన్ 65-70 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్లు వేడెక్కకపోతే ఈసీయూ ఫిల్టర్ కాల్చే పని మొదలుపెట్టదు. పీ2463 (ఫిల్టర్‌లో మసి నిండిందన్న కోడ్) వచ్చిందని ఫిల్టర్ తీసి కడిగించి పెడతారు, మళ్లీ రెండు నెలల్లో నిండుతుంది. హైవే మీద ఉష్ణోగ్రత 85-95 మధ్య నిలబడుతోందో లేదో చూడండి. నిలబడకపోతే థర్మోస్టాట్ ముందు, డీపీఎఫ్ తర్వాత. ఫిల్టర్ ముందు వెనకల ఒత్తిడి తేడాను కొలిచే డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలు చిట్లినా తప్పుడు లెక్కే వస్తుంది.

డీపీఎఫ్ లోపలి భాగం తీసేసి, ఈజీఆర్ మూసేసి, సాఫ్ట్‌వేర్ మార్పించిన బండి వద్దు. చట్టవిరుద్ధం సంగతి అలా ఉంచండి, ఆ సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారో, టార్క్ ఎంత పెంచారో తెలియని ఇంజిన్ అది. సైలెన్సర్ చివర లోపల వేలు పెట్టండి. ఫిల్టర్ పనిచేసే బండిలో వేలికి మసి దాదాపు అంటదు.

ఆయిల్: ఫిల్టర్‌తో కలిపి సుమారు 8.5 లీటర్లు పడుతుంది. మెర్సిడెస్ ప్రమాణం ఎంబీ 229.51 లేదా 229.52 అని డబ్బా మీద ఉండాలి, 5డబ్ల్యూ-30. తక్కువ బూడిద ఆయిల్ కాకపోతే డీపీఎఫ్‌లో కాలని బూడిద పేరుకుంటుంది, అది ఏ హైవేకీ పోదు. ఆరున్నర లీటర్లు పోసి సరిపోయిందనుకునే లోకల్ షాపులున్నాయి, బిల్లులో లీటర్లు చూడండి.

టార్క్‌రెంచ్_బెజవాడ:

ఆయిల్ మార్చే దూరం దగ్గర బాబాయ్ గారు ఏం చెప్తారో గానీ, కారు చూపించే సర్వీస్ గడువు దాకా ఆగొద్దని నా మాట. ఊరి ట్రాఫిక్‌లో తిరిగే బండికి 8,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఎయిర్ ఫిల్టర్లు రెండుంటాయి, ఒకటే మార్చి రెండిటికీ బిల్లు వేస్తే గమనించండి.

డీజిల్‌బాబాయ్:

8,000 మరీ జాగ్రత్త. సరైన ఆయిల్, లెవల్ పెరగని బండి అయితే 10,000కు నష్టం లేదు. లెవల్ పెరిగితే మాత్రం కిలోమీటర్లు లెక్కపెట్టకుండా వెంటనే దించేయాలి. డీజిల్ ఫిల్టర్ మాత్రం 30,000కు మార్చండి, కామన్ రైల్‌లో డీజిల్ ఒత్తిడి పడిపోయి పీ0087 వస్తే హై ప్రెషర్ పంపును అనుమానించే ముందు ఫిల్టరే చూడాలి.

టార్క్‌రెంచ్_బెజవాడ:

సరే, 10,000కు ఒప్పుకుంటా, లెవల్ చూస్తూ ఉండే ఓనర్ అయితే.

మణికొండ గారూ, కొనేముందు చూసే క్రమం. అమ్మేవాళ్లకు ముందే చెప్పండి, మీరు వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి ఉంచొద్దని. బానెట్ మీద చెయ్యిపెడితే చల్లగా ఉండాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు చెవి పెట్టండి. ముందు వైపు గొలుసు గరగర వచ్చి ఆగితే టెన్షనర్ లేదా చెయిన్ సాగుదల. ఆగకుండా వస్తూనే ఉంటే ఆ బండి వదిలేయండి. ఐడిల్‌లో స్టీరింగ్, సీటు వణికితే చాలావరకు ఇంజిన్ మౌంట్లు. వాటి లోపల ద్రవం ఉంటుంది, కారిపోతే గట్టిపడతాయి. దానికి ఇంజిన్‌ను తప్పుపట్టనక్కర్లేదు.

ఆయిల్ పోసే మూత తీసి చూడండి. కొద్దిపాటి ఆవిరి మామూలే, గుప్పుగుప్పున కొడితే బ్లోబై (దహన వాయువు పిస్టన్ పక్కల నుంచి కిందికి జారడం). కింది ట్రే విప్పించండి. బేరంలో ఇది ఒప్పుకోని అమ్మకందారు ఎందుకు ఒప్పుకోలేదో ట్రేలోనే ఉంటుంది, నూనె మొత్తం అందులోనే నిలుస్తుంది. ఆ తర్వాత కెమెరాతో గుంత. స్కాన్ చేసేటప్పుడు ఎర్రర్లు మాత్రమే కాకుండా లైవ్ డేటాలో నాలుగు చూడండి: ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ కరెక్షన్ (ఒకటి మిగతావాటికి బాగా దూరంగా ఉంటే అది బాగోలేదు), డీపీఎఫ్ మసి లెక్క, కూలెంట్ ఉష్ణోగ్రత, అడిగిన బూస్టుకూ వచ్చిన బూస్టుకూ తేడా. కోడ్లు అన్నీ ముందు రోజే చెరిపేసి ఉంటే చివరి క్లియర్ తర్వాత తిరిగిన దూరం కొన్ని స్కానర్లలో కనిపిస్తుంది, అది 20 కిలోమీటర్లు చూపిస్తే అడగండి.

మణికొండ_వీల్స్:

అంటే ఆయిల్ కూలర్ పని అయిపోయిన బండి దొరికితే ప్లస్ పాయింటేనా? లేక ఎవరో విప్పారని భయపడాలా?

డీజిల్‌బాబాయ్:

ప్లస్సే, బిల్లు ఉంటే. బిల్లులో ఊదారంగు సీళ్లు అని రాయరు, పార్ట్ నంబర్లు ఉంటాయి. అవి తీసుకుని ఏ స్పేర్ పార్ట్స్ కౌంటర్లోనైనా అడిగితే కొత్త రకమో పాత రకమో చెప్తారు. ఇన్‌టేక్ గ్యాస్కెట్లు, టర్బో డ్రెయిన్ సీల్ కూడా అదే బిల్లులో ఉంటే పని నిజంగా జరిగిందని నమ్మొచ్చు. సీళ్లు మాత్రమే ఉండి గ్యాస్కెట్లు లేకపోతే పాత గ్యాస్కెట్లే మళ్లీ బిగించారన్నమాట, ఇన్‌టేక్ అంచుల్లో తడి ఉందేమో ప్రత్యేకంగా చూడండి.

బడ్జెట్ సాగితే 2020 తర్వాతి జీఎల్‌ఎస్ 400డీ చూడొచ్చు. అందులో ఓఎం 656, వరసగా ఆరు సిలిండర్లు, 2925 సీసీ, 330 హెచ్‌పీ, 700 ఎన్ఎమ్. వీ లేదు కాబట్టి గుంతా లేదు. కానీ అది బీఎస్6 (కఠినమైన కాలుష్య ప్రమాణం), యాడ్‌బ్లూ, ఇంకా ఖరీదైన సెన్సర్లు. ఈ బడ్జెట్‌లో అయితే బిల్లులున్న 642నే తీసుకోండి, బేరం ఆడేటప్పుడు గుంత పని ఖర్చు చేతిలో పట్టుకుని కూర్చోండి.